ముచ్చట గంట

మొన్న ఆర్మూర్ల ఒక ప్రైవేటు బడివాళ్లు చిన్న పిల్లలకు మాట్లాడే పోటీ పెట్టి, ముప్పై ఏండ్లు ప్రైమరీ బళ్లల్ల పాఠాలు చెప్పి రిటైరయినదాన్ని గదా అని నన్ను జడ్జిగా రమ్మన్నరు. ఇంట్ల ఊకె కూసుండి టీవీ చూసుడు కంటె నయమని ఇస్త్రీ చీర కట్టుకొని పోయిన. బెలూన్లు, పెద్ద పెద్ద స్పీకర్లు, స్టేజీ కింద సెల్‌ఫోన్లు లేపి పట్టుకున్న తల్లిదండ్రులు, ఒక్కొక్క పిల్లకు రెండు నిమిషాలు, అయిపోంగనే గంట. పిల్లలు ఏం మాట్లాడిన్రనుకున్నరు! చేతులు తిప్పుకుంట, కండ్లు తిప్పుకుంట, ఎక్కడ ఊపిరి తీసుకుంటున్నరో తెల్వకుండ గడగడ చెప్పేసిన్రు. అందుల సగం మాటలు వాళ్లయి కావు, వాళ్ల అమ్మలు బట్టీ పట్టించినయని నాకు తెలుస్తనే ఉన్నది, అయినా మార్కులు వేసుకుంట కూసున్న.

అప్పుడు మూడో తరగతి పిలగాడొకడు వచ్చిండు. మా ఊరు అనే దాని మీద మాట్లాడాలె. మైకు ముందల నిలవడి 'మ' అన్నడు, మళ్ల 'మ' అన్నడు, ఇగ అక్కడనే ఆగిపోయిండు. గొంతు నరాలు ఉబ్బినయి, కండ్లు గట్టిగ మూసుకున్నడు, ఎడమ కాలుతోటి స్టేజీని తంతున్నడు. నత్తి పిల్లల్ని మస్తు మందిని చూసినదాన్ని, ఇంకొంచెంసేపు ఆగితే మాట బయటికొస్తదని నాకు తెలుసు. కని మైకు దగ్గరున్న మేడం నవ్వుకుంట వచ్చి, పర్వాలేదు నాన్నా, అందరూ చప్పట్లు కొట్టండి అన్నది. హాలంత ఫట ఫట ఫటమని చప్పట్లు. పిలగాడు కండ్లు తెరిచి, తలకాయ దించుకొని, మెట్లు దిగి పోయిండు. ఆ మేడం మంచిదే, ఆమెనేమనను. కని ఆ చప్పుడు చెవుల పడంగనే నా కుడి అరచెయ్యి తిమ్మిరెక్కినట్టయి పెన్ను కింద పడ్డది. ఆ చప్పుడు నాకు యాభై ఐదేండ్ల కింది నుంచి తెలుసు.

నా ఈడువాళ్లు చదువుతుంటే వాళ్లకు నేను చెప్పేది కొత్త గాదు. మన బళ్లల్ల కొట్టని సారు ఉండెనా? కని మా సారు కొట్టుడు తీరు వేరు. మాది వేల్పూర్ దిక్కు ఊరు, పసుపు, మక్క వేసుకునే ఇండ్లే అన్నీ. మా సారు ఎక్కడో దూరం నుంచి వచ్చి, ఊర్లనే ఒక అర్ర కిరాయికి తీసుకొని ఒక్కడే వండుకొని తినెటోడు. మీ తాతలు దొరల ముందు నోరు మూసుకుని బతికారు, మీరట్లా బతకొద్దురా అని రోజూ చెప్పెటోడు. చెప్పి ఊకునేటోడు గాదు. ప్రార్థన అయిపోంగనే ముచ్చట గంట అని పెట్టిండు. వాననో, ఎడ్లనో, బతుకమ్మనో ఏదో ఒకటి చెప్పి, ఒక్కొక్కల్ని లేపి పది మాటలు ఆగకుండ మాట్లాడమనేటోడు. మాట్లాడినోళ్లు పోయి, మాట్లాడలేనోళ్ల ముక్కు ఎడమచేత్తోటి పట్టుకొని, కుడిచేత్తోటి చెంప మీద కొట్టాలె. చెంప కదిలితెనే నాలుక కదులుతదని ఆయన నమ్మకం. ఆయన మాత్రం బయట అరుగు మీద కుర్చీల కూసుండి చప్పుడు ఇనెటోడు. అరుగు దాక ఇనరాకపోతే దెబ్బ లెక్కకు రాదు.

ఇగ మా ఇంటి సంగతి. మా అన్న నాకంటె రెండేండ్లు పెద్ద, కని పరీక్షల నోటితోటి చెప్పేటియి చెప్పరాక వెనకబడి, నాలుగో తరగతిల నాతోటే కూసుండెటోడు. మా అన్నకు నత్తి. నేనేమో వస పోసిన పిట్టను. పది మాటలంటే ఇరవై చెప్పెటిదాన్ని, సారు మురిసిపోయెటోడు. అయితే ముచ్చట గంటల రోజూ లేచి అన్ని మాటలు చెప్పేది నేను, రోజూ ఒక్క మాట రాక నిలవడేది మా అన్న, రోజూ ఆయన చెంప మీద కొట్టేది గూడ నేనే.

మొదటి రోజు చెయ్యి రాలె. మెల్లగ, దుమ్ము దులిపినట్టు కొట్టిన. సారు నన్ను దగ్గరికి పిలిచి, ఎట్లా కొట్టాలో చూపిస్తా అని నా చెంప మీద ఒక్కటి వేసిండు. చెవుల గుయ్యిమని మోగింది, పొద్దూకే దాక మోగుతనే ఉన్నది. తెల్లారి నుంచి గట్టిగ కొట్టిన. అబద్ధమెందుకు చెప్పాలె ఈ వయసుల, పది దినాలు పోంగ నాకు ఆ కొట్టుడు మంచిగనే అనిపించింది. అరుగు మీదికి ఇనవడేటట్టు కొడితే సారు తల ఊపెటోడు, పిల్లలు భయంగ చూసెటోళ్లు. నేను ఇంతంత పిల్లను, మా అన్న అప్పటికే పొడుగ్గ పెరిగిండు, నా చెయ్యి ఆయన చెంపకు సరిగ అందకపోయేది. అందుకని ఆయన మోకాళ్లు వంచి, నా చెయ్యి అందేటట్టు కిందికి వంగెటోడు. రోజూ వంగెటోడు. ఆ వంగుడు నాకిప్పటికీ కండ్ల ముందట కనబడుతది.

ఇంటికొచ్చినంక ఆయన ఏం చెప్పెటోడు గాదు. నేనే చెప్పెటిదాన్ని. ఇయ్యాల ఎట్ల కొట్టిన్నో, ఎంత చప్పుడొచ్చిందో, అన్న కండ్లల్ల నీళ్లెట్ల తిరిగినయో చేతులు ఊపుకుంట చెప్తుంటే మా బాపు కడుపు పట్టుకొని నవ్వెటోడు. చెల్లెకున్న నోట్ల సగం నీకుంటే మంచిగుండురా అని అన్నకే ఇంకొకటి వేసెటోడు. మా అమ్మ మాత్రం నా దిక్కు ఒక తీరు చూసి పొయ్యికాడికి పోయేది.

కని మా అన్నకు మాట లేదంటె నేనొప్పుకోను. పసుపు ఎండినంక కొమ్ములొక దిక్కు, గడ్డలొక దిక్కు ఏరాలె గదా, ఆ పనిల కూసుంటే తలకాయ దించుకొని, చేతులు ఆడించుకుంట, ఎన్ని ముచ్చట్లు చెప్పెటోడో! ఎడ్లు రెండూ ఒకదానితోటి ఒకటి కొట్లాడుకున్నట్టు, బావిల తాబేలు మా బాపును తిట్టినట్టు, ఒక్క దగ్గర గూడ నాలుక తట్టుకోకపోయేది. ముఖం దిక్కు ఎవరన్న చూస్తెనే గొంతు పట్టుకుపోయేది. ఈ సంగతి తెలిసింది నాకొక్కదానికే. సారుకు చెప్పిన్నా అంటె, లేదు. చెప్తే కొట్టేటందుకు నాకెవరు మిగులుతరు?

ఆ ఏడు పసుపు తవ్వి ఉడకబెట్టే దినాలు. ఇప్పటి లెక్క ఆవిరి బాయిలర్లు లేవు అప్పుడు. పొలం కాడనే గుంత తవ్వి, రాళ్ల మీద పెద్ద ఇనుప కడాయి ఎక్కించి, నీళ్లు పోసి పచ్చి పసుపు ఉడకబెట్టెటోళ్లు. తెల్లటి ఆవిరి, కండ్లు మండే పొగ, ఎదురుంగ ఉన్న మనిషి గూడ కనబడకపోయేది. బడి ఇడిచిపెట్టంగనే నేను, మా అన్న సంచులతోటి అటే పోయినం. పసుపు ఏరే ఆడకూలీలు జరంత దూరం కూసున్నరు, నేను సంచి కింద పెట్టి, కడాయికి వీపు పెట్టి నిలవడి, వాళ్లకు ఆ పొద్దు కొట్టిన దెబ్బ ముచ్చట చెప్పుడు మొదలుపెట్టిన. ముక్కు ఎట్ల పట్టుకున్న, చెయ్యి ఎట్ల లేపిన, అంత చేసి చూపెడుతున్న. వాళ్లు నవ్వుతున్నరు. మా అన్న పక్కనే నిలవడి ఇంటున్నడు.

ఉన్నట్టుండి వెనుక నుంచి రెండు చేతులు నా వీపు మీద పడి నూకితే, ఎగిరిపోయి బోర్ల పడ్డ. రాయి మూతికి తగిలి పెదవి చీలింది, ముందటి పన్ను విరిగి నాలుక మీదికొచ్చింది. నోరంత రక్తం. బాపు అవతలి దిక్కు నుంచి ఉరికొచ్చి నన్ను లేపి ఏమయిందే బిడ్డా అన్నడు. ఆ రక్తం నోటితోటి గూడ నేను ఆగలె. అన్న నూకిండు బాపు, బళ్లె కొట్టిన్నని కక్షతోటి నూకిండు అని ఒక్క ఊపిరిల చెప్పిన. బాపు మా అన్న దిక్కు తిరిగి, నిజమేనారా అన్నడు. అన్న నోరు తెరిచిండు. 'స' అన్నడు. 'స, స' అనుకుంట నిలవడ్డడు. బాపు ఇంకొక్కసారి అడగలె. ఎద్దు పగ్గం అందుకున్నడు.

పగ్గంతోటి మనిషిని కొట్టంగ మీరు చూసిన్రో లేదో. గాలిల ఒక చప్పుడొస్తది, వీపు మీద ఇంకొకటి. మొదటి దెబ్బకు అన్న మోకాళ్ల మీద పడ్డడు. రెండోదానికి బోర్ల పడ్డడు. పడ్డోని వీపు మీద, భుజాల మీద, మెడ మీద, బాపు చెయ్యి అలిసేదాక కొట్టిండు. నువ్వు మాట్లాడవు, చేతులు మాత్రం లేస్తున్నయా కొడకా అనుకుంట కొట్టిండు. అన్న అరిచిన అరుపు మాట కాదు, దూడ అరిచినట్టుండె. అమ్మ అడ్డం వస్తే ఆమె చెయ్యి మీద గూడ పడ్డది. అంగీ చినిగి పగ్గానికి చుట్టుకున్నది.

ఆ కొట్టుడు నడుస్తుండంగనే నేను చూసిన. నేను నిలవడ్డ జాగల పచ్చటి నీళ్లు మడుగు కట్టి బుగబుగ పొగలు కక్కుతున్నయి. నా సంచి అందుల తేలుతున్నది, పలక చట్రం ఊడిపోయింది. కడాయి కింది రాయి జారి, ఒక పక్కకు ఒరిగి, మసిలే నీళ్లు నేనున్న చోటికి దుంకినయి. కడాయి మళ్ల సర్దుకొని కూసున్నది. కడాయి కలియబెట్టే కర్రలు పట్టుకున్న కూలీలిద్దరు రాయి జారింది మా తప్పంటరని భయపడి ఆవిరిల సప్పుడు చేయక నిలవడ్డరు. మా అన్న ఎందుకు నూకిండో, జరుగు అనే మాట గొంతు దాటి రాకనే రెండు చేతులు పెట్టి నూకిండని, నా మీద పడాల్సిన నీళ్లు ఆయన మీద పడ్డయని నాకు ఆ క్షణంల తెలిసిపోయింది. తొమ్మిదేండ్ల పిల్లను, ఊర్ల నన్ను మించిన నోరు లేదు, బాపూ ఆగు అంటె చాలు. అనలె. నేను చెప్పింది తప్పని తెలిస్తే ఆ పగ్గం నా దిక్కు తిరుగుతదని భయమైంది. పెదవి చేత్తోటి ఒత్తి పట్టుకొని, ఆఖరు దెబ్బ దాక చూసుకుంట నిలవడ్డ.

అంగీ ఊడదీసింది అమ్మ. అంగీతోటి తోలు గూడ వచ్చింది. భుజాల నుంచి నడుము దాక కాలి బొబ్బలెక్కినయి, ఆ బొబ్బల మీదనే పగ్గం పడి చిట్లినయి. అమ్మ ఏసిన కేక ఇప్పటికీ నా చెవులల్ల ఉన్నది. బండి కట్టి ఆర్మూర్ దవాఖానకు తీసుకపోయిన్రు. బాపు బండి ఎన్క ఉరుక్కుంట పోయిండు, చెప్పులు గూడ తొడుక్కోలె. తెల్లారి కూలీలు కడాయి ఒరిగిన సంగతి ఒప్పుకున్నరు. మా అన్న నెల దాటి దవాఖానల బోర్ల పండుకొనే ఉన్నడు. సారు అరటిపండ్లు పట్టుకొని చూడవోయిండట, ఇగ బళ్లె ఎవరూ ఎవరినీ కొట్టరు, రారా అని బతిమిలాడిండట. అన్న గోడ దిక్కు తిరిగిండట. ఇగ బడి మొఖం చూడలె. ముచ్చట గంట గూడ అప్పుడే బందయింది.

బాపు ఆ తర్వాత ఎవరి మీద చెయ్యి లేపలె. కని పానం పొయ్యేదాక ఒక్కటే మాట. వాడొక్క మాట చెప్పుంటే నేను కొడుదునా, వాని నోరే వాని వీపు కాల్చింది అనెటోడు. చుట్టాల ముందట అనెటోడు, పెండ్లిండ్లల్ల అనెటోడు. అన్న ఇనుకుంట కూసుండెటోడు. తప్పంత అన్న నోటి మీదనే పోయింది. నా నోటి సంగతి ఎవరికీ తెల్వదు, నేను చెప్పలె. బాపు పోయినంక ఆయనకు చెప్పే దారి గూడ లేకపోయింది.

తర్వాత నేను చదువుకొని టీచరైన. ఏర్గట్ల దిక్కు మొదటి బడి. చేరిన నెలల్నే రెండో తరగతి పిల్లనొకదాన్ని లేపి పేరు చెప్పమంటె చెప్పలె. ఎన్నిసార్లు అడిగినా చెప్పలె. నా చెయ్యి నన్ను అడగకుండనే లేచి ఆ పిల్ల చెంప మీద పడ్డది. ఆ పిల్ల ఏడ్వలె. కొట్టిన చెంప తుడుచుకొని, రెండో చెంప నా దిక్కు తిప్పి నిలవడ్డది. నేను బయటికి ఉరికిన.

ఆ వారంలనే ఇంటి నుంచి మక్క కంకులు గోనెసంచిల తీసుకపోయిన. పిల్లల్ని గుండ్రంగ కూసోబెట్టి కంకులు ఒలవమన్న. చేతులు ఆడాలె, కండ్లు కంకి మీదనే ఉండాలె, మాట్లాడేటోళ్ల ముఖం దిక్కు ఎవరూ చూడొద్దు, వాళ్లు అయిపోయిందనే దాక ఇంకొకరు నోరు తెరవొద్దు. బీడీలు చుట్టే తల్లులు వచ్చి, పిల్లల్ని మక్కలు ఒలిచేటందుకా బడికి తోలింది అని నా మీద ఎగబడ్డరు. హెడ్మాస్టరు మెమో ఇస్తనన్నడు. ఇయ్యనీయి అనుకున్న. ఆ పేరు చెప్పని పిల్ల పదకొండో దినం నాడు, ఎవరూ అడగకుండనే, వాళ్ల మేక ఈనిన ముచ్చట మొదలుపెట్టి గంట కొట్టేదాక ఆపలె. అట్ల ముప్పై ఏండ్లు ఎన్ని నోర్లు తెరిపిచ్చిన్నో. శాలువాలు కప్పిన్రు, మీ చేతికింద చదివినోళ్లు ఎక్కడికి పోయినా భయం లేకుండ మాట్లాడుతరు మేడం అన్నరు. ఇనుకుంట నవ్విన గని, ఆ పద్ధతి మా అన్న దగ్గర నేర్చుకున్నదని ఒక్క స్టేజీ మీద గూడ చెప్పలె. చెప్తే మిగిలిందంత చెప్పాలె గదా.

మొన్న ఆ చప్పట్లు ఇన్నంక ఇంటికి పోబుద్ధి కాలె. ఆటో పట్టుకొని సీదా మా అన్న ఇంటికి పోయిన. పొద్దు ఇంకా ఉన్నది. కళ్లంల ఎండిన పసుపు పచ్చగ పరుచుకొని ఉన్నది, అన్న ఒక్కడే కూసుండి కొమ్ములు ఏరుతున్నడు. వదిన చాయ్ ఇచ్చి లోపలికి పోయింది. నేను ఇస్త్రీ చీరతోటే ఆయన పక్కన కింద కూసుండి, నేను గూడ ఏరుడు మొదలుపెట్టిన. అన్నా, ఆ పొద్దు, కడాయి కాడ అన్న. ఇగ ఆగిపోయిన. ముప్పై ఏండ్లు పిల్లలకు మాటలు నేర్పినదాన్ని, ఒక్క మాట గొంతు దాటి రాలె. అన్న నా దిక్కు చూడలె, ఏందని అడగలె, తలకాయ దించుకొని ఏరుకుంటనే ఉన్నడు. ఎంతసేపాగిండో, కొమ్ముల కుప్ప జానెడు లేచింది. అప్పుడు చెప్పిన. నీళ్లను చూసిన్నని, సంచిని చూసిన్నని, బాపు కొడుతుంటె అంత తెలిసే నోరు మూసుకున్నని మొత్తం చెప్పి, అయిపోయింది అన్న.

అన్న చేతిల ఉన్న కొమ్మును కింద పెట్టిండు. చేతులు ఆపి, తల లేపి నా ముఖం దిక్కు చూసిండు. చూసిండు గనుక నత్తి వచ్చింది. నేను ఆగిన.

"త... తెలుసు చెల్లె. నువ్వు సంచిని చూస్తుంటె నేను నిన్ను చూస్తున్న. బాపు కొడుతుండె. ఇ... ఇగ చెప్తది మా చెల్లె, ఇగ చెప్తది అని..."

అని ఆగిండు. మళ్ల కొమ్ములు ఏరుడు మొదలుపెట్టిండు. ఆయన అంగీ మెడ కాడ, తెల్లవడ్డ వెంట్రుకల కింద, ఆ ముడతలు పడ్డ తోలు కనబడ్డది. ముసలిదాన్నయినంక అన్న పక్కన కూసుండి ఎక్కెక్కి ఏడ్చిన.

కాలం మారింది, మంచిగనే మారింది. పిల్లల మీద ఇప్పుడు ఎవరూ చెయ్యి లేపుతలేరు, పగ్గాలు లేవు, ఎడ్లే లేవు, పసుపు బాయిలర్లల్ల ఉడుకుతున్నది, ఎవరి వీపూ కాలుతలేదు. నత్తి వచ్చిన పిల్లకు చెంపదెబ్బ లేదు, చప్పట్లు కొట్టి దించేస్తున్నరు. నాకు తోచేది ఒక్కటే, ఆ పిలగాడు 'మ' దగ్గర నిలవడి హాలుల ఉన్న అంత మందిల ఎవరో ఒకరు ఆగుండ్రి అంటరని ఎదురుచూసి ఉంటడు. ముందు వరుసల, మైకు నా చేతికి అందేటంత దగ్గర్ల, జడ్జి కుర్చీల నేనే ఉంటి. కడాయి కాడ ఊకున్నట్టే అక్కడ గూడ ఊకున్న.